పోదామన్నారు సరే.. పోయేదెట్లా?

కలిసుంటారా, విడిపోతారా అని అడిగితే జవాబు ఒక్క మాటలో వస్తుంది. ఎట్లా విడిపోతారు అని అడిగితే ఇంటికో జవాబు వస్తుంది. ఈ రెండో ప్రశ్నను దాటవేసిన దేశం ఏమైందో తెలియాలంటే బ్రిటన్‌ను చూడాలి. 2016 జూన్ 23న ఆ దేశ ప్రజలు యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని తీర్పు చెప్పారు. 1 కోటి 74 లక్షల మంది పోదామన్నారు. 1 కోటి 61 లక్షల మంది ఉందామన్నారు. నూటికి 52 మంది ఒక దిక్కు, 48 మంది ఇంకో దిక్కు. ఓట్ల లెక్క ఒక్క రాత్రిలో తేలింది. తీర్పు అమలుకు మాత్రం మూడున్నరేళ్లు పట్టింది. ఈలోగా ఇద్దరు ప్రధానులు గద్దె దిగారు. రెండుసార్లు సాధారణ ఎన్నికలు జరిగాయి. సుప్రీంకోర్టు రెండుసార్లు ప్రభుత్వానికి మొట్టికాయలు వేసింది. చివరికి 2020 జనవరి 31న బ్రిటన్ బయటపడింది. పంచాయితీ మాత్రం అక్కడితో తెగలేదు.

ఇంగ్లండు లొల్లి మనకెందుకని కొందరు అనుకోవచ్చు. వేరుపడడం గురించి ఏ దేశంలో చర్చ జరిగినా తెలంగాణ చెవిన వేసుకోవాల్సిందే. దాదాపు అరవై ఏళ్లు ఆ మాట మీద బతికిన నేల ఇది. పైగా బ్రిటన్‌ను చూపించి 'విడిపోతే గతి ఇట్లాగే ఉంటుంది' అని నీతులు చెప్పేవాళ్లకు మన దగ్గర కొదువ లేదు. వాళ్లు చెప్పేది అబద్ధం. బ్రిటన్‌ను తండ్లాట పెట్టింది విడిపోవాలన్న కోరిక కాదు. ఎట్లా విడిపోవాలో జనానికి చెప్పకపోవడం, ఆ సంగతి జనాన్ని అడగకపోవడం. ఈ వారం మేం చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. యూరోపియన్ యూనియన్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి కావు. యూరోపియన్ యూనియన్ స్వతంత్ర దేశాలు ఒప్పందాలు రాసుకుని కట్టుకున్న కూటమి. పోదలచుకున్న దేశం పోవడానికి ఆ ఒప్పందంలోనే 50వ అధికరణం అనే తలుపు పెట్టుకున్నారు. తెలంగాణ ఏనాడూ దేశం నుంచి పోతామనలేదు. దేశంలోనే ఉండి, రాజ్యాంగం 3వ అధికరణం కింద మా రాష్ట్రం మాకు కావాలన్నది. ఆ అధికరణం కింద నిర్ణయం పార్లమెంటుది, రెఫరెండం ఊసు అందులో లేదు. కాబట్టి లండన్ లెక్కను తెచ్చి హైదరాబాద్‌కు అంటగట్టడం కుదరదు. కానీ పంపకాల గుణం ఎక్కడైనా ఒక్కటే. అన్నదమ్ములు వేరుపడితే గెట్టు ఎక్కడ, బాయికాడ మోటరు వంతులెట్లా, అప్పు ఎవరు కట్టాలె, ముసలి తల్లి ఎవరింట్లో ఉండాలె అన్నది పెద్దమనుషుల ముందు తెగాలి. తెగకుంటే ఆ పంచాయితీ మనుమల దాకా పోతుంది.

పోదామని ఓటేసిన బ్రిటన్ జనాన్ని తెలివితక్కువ వాళ్లుగా, జాత్యహంకారులుగా చూపే రాతలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. మేం ఆ బాటన పోము. ఈశాన్య ఇంగ్లండులో సండర్లాండ్ అనే ఊరుంది. ఓడలు కట్టి, బొగ్గు తవ్వి బతికిన ఊరు. ఓడల యార్డులు మూతపడ్డాయి, గనులు మూతపడ్డాయి. నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ మిగిలింది. అక్కడ తయారైన కార్లు పెద్ద ఎత్తున యూరప్‌కే పోతాయి. అయినా ఆ ఊళ్లో నూటికి 61 మంది పోదామన్నారు. ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాళ్లు మా ముఖం చూడలేదన్న కోపం ఆ ఓటులో ఉంది. 'పగ్గాలు మళ్లీ మన చేతికి' అన్న నినాదం అందుకే ఆ జనానికి పట్టింది. వెనక్కి నెట్టబడ్డ ప్రాంతపు కోపం ఎట్లా ఉంటుందో తెలంగాణ బిడ్డలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

జనం కోపం నిజం. నాయకులు చెప్పిన లెక్క మాత్రం అబద్ధం. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నామని, ఆ సొమ్ము మన ఆస్పత్రులకు పెట్టుకుందామని ఎర్ర బస్సు మీద రాసి ఊరూరా తిప్పారు. బ్రిటన్‌కు దక్కే రాయితీని, రైతులకూ వెనకబడ్డ ప్రాంతాలకూ తిరిగి వచ్చే నిధులనూ తీసివేయకుండా చెప్పిన లెక్క అది. అది తప్పుదోవ పట్టించే అంకె అని ఆ దేశపు గణాంకాల పర్యవేక్షణ సంస్థే చెప్పింది. బస్సు మాత్రం ఆగలేదు.

అసలు మోసం ఆ బస్సు మీద కూడా లేదు. ఓటు కాగితం మీద ఉంది. దాని మీద రెండే గళ్లు. ఉండాలి, పోవాలి. కానీ పోవడానికి కనీసం నాలుగు దారులున్నాయి. నార్వే దారి మొదటిది. కూటమిలో సభ్యత్వం ఉండదు, ఉమ్మడి మార్కెట్‌లో మాత్రం ఉంటారు. డబ్బు కట్టాలి, నిబంధనలు పాటించాలి, యూరప్ కార్మికులను రానివ్వాలి. రెండోది కస్టమ్స్ యూనియన్. సరుకు మీద సుంకాలుండవు గానీ బయటి దేశాలతో సరుకుల వ్యాపారానికి సొంత ఒప్పందాలు చేసుకునే స్వేచ్ఛ ఉండదు. మూడోది కెనడా దారి. పూర్తిగా బయటికి వచ్చి వ్యాపార ఒప్పందం ఒకటి రాసుకోవడం. నాలుగోది ఏ ఒప్పందం లేకుండా తలుపు బద్దలుకొట్టుకుని పోవడం.

మొదటి దారిన పోతే వలసలు ఆపడం కుదరదు. రెండో దారిన పోతే అమెరికాతోనో ఇండియాతోనో సొంతంగా బేరమాడలేరు. మూడో దారిన పోతే ఐర్లండులో చెక్‌పోస్టులు లేస్తాయి. నాలుగో దారిన పోతే రేవుల్లో లారీలు మైళ్ల పొడుగున నిలిచిపోతాయి. పోదామన్న 52 మందిలో ఈ నాలుగు రకాల వాళ్లూ ఉన్నారు. ఏ ఒక్క దారికీ 52 మంది లేరు. ఉందామన్న 48 మంది కంటే ఎక్కువ మంది ఏ దారినీ మెచ్చారని ఎవరూ చెప్పలేరు.

ఈ సంగతి పెద్దలకు తెలియదా? తెలుసు. ఉందామన్న ప్రధాని డేవిడ్ కామెరాన్, జనం పోదామంటే ఏం చేయాలన్న సన్నాహమే చేయవద్దని అధికారులకు చెప్పారు. ఫలితం వచ్చిన తెల్లారే రాజీనామా ప్రకటించి తప్పుకున్నారు. పోదామన్న నాయకులూ ఒక్క దారి మీద వేలు పెట్టలేదు. ఒక దారి పేరు చెబితే మిగతా మూడు దారుల ఓట్లు జారిపోతాయని వాళ్ల భయం. గెలవడానికి ఆ మౌనం పనికొచ్చింది. గెలిచిన తెల్లారి నుంచి ఆ మౌనమే దేశం మెడకు చుట్టుకుంది.

ఆ తర్వాత వచ్చిన ప్రధాని థెరిసా మే 'బ్రెగ్జిట్ అంటే బ్రెగ్జిటే' అన్నారు. వినడానికి గట్టిగా ఉన్న ఆ మాటలో విషయం ఏమీ లేదు. పార్లమెంటును అడగకుండానే నోటీసు ఇస్తామని బయలుదేరితే, 2017 జనవరిలో సుప్రీంకోర్టు కుదరదన్నది. పార్లమెంటుతో ఆమోదం వేయించుకుని 2017 మార్చి 29న 50వ అధికరణం కింద నోటీసు ఇచ్చారు. ఆ రోజు నుంచి రెండేళ్ల గడువు నడవడం మొదలైంది. అప్పటికి ఏ దారిన పోవాలో మంత్రివర్గానికే తెలియదు. 2017 జూన్‌లో ఎన్నికలకు పోయి ఉన్న మెజారిటీ పోగొట్టుకుని, ఉత్తర ఐర్లండుకు చెందిన డీయూపీ పార్టీ సభ్యులు 10 మంది మీద ఆధారపడ్డారు. 2018 జూలైలో గానీ మంత్రులంతా కూర్చుని ఒక ప్రణాళిక ఒప్పుకోలేదు. మూడు రోజులు తిరగకముందే డేవిడ్ డేవిస్, బోరిస్ జాన్సన్ రాజీనామా చేసి బయటికి వచ్చారు. ఇల్లు ఖాళీ చేస్తానని తేదీ రాసిచ్చి, ఆ తర్వాత కిరాయి ఇల్లు వెతుక్కోబోయిన సంసారం అది.

2019 మొదట్లో బ్రిటన్ పార్లమెంటులో జరిగింది ప్రజాస్వామ్య దేశాలన్నీ చదువుకోవాల్సిన పాఠం. థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని జనవరి 15న 432 మంది తిరస్కరించారు, 202 మంది మాత్రం ఒప్పుకున్నారు. ఆ దేశ చరిత్రలో ఏ ప్రభుత్వమూ సభలో అంత ఘోరంగా ఓడలేదు. మార్చి 12న మళ్లీ ఓడింది. మార్చి 29న మూడోసారి ఓడింది. సరే, మీరే చెప్పండంటే మార్చి 27న సభ్యులు ఎనిమిది దారుల మీద ఓటేశారు. ఎనిమిదీ ఓడిపోయాయి. ఏప్రిల్ 1న నాలుగు దారుల మీద ఓటేశారు. నాలుగూ ఓడిపోయాయి. కస్టమ్స్ యూనియన్ దారి 273 ఓట్లు తెచ్చుకుని మూడు ఓట్ల తేడాతో ఓడింది. అన్నిటికీ వద్దనగలిగిన సభ దేనికీ ఊ అనలేకపోయింది.

ఆ మూడు ఓట్లు ఎవరివో తెలుసుకోవాలి. పూర్తిగా తెగదెంపులు కావాలన్న వాళ్లు దానికి ఓటేయరు, అది తెలిసిందే. అసలు పోవడమే వద్దన్న వాళ్లలోనూ కొందరు దానికి ఓటేయలేదు. నడిమి దారి గెలిస్తే పోవడం ఖాయమైపోతుందని, దాన్ని కూలగొడితే మొత్తం ఆపొచ్చని వాళ్ల ఆశ. చివరికి వాళ్ల చేతికి ఏమొచ్చింది? ఏది రాకూడదనుకున్నారో అదే వచ్చింది. ఒప్పందం ఉన్న దారులన్నిటిలో దూరంగా తీసుకుపోయే కెనడా దారినే బ్రిటన్ పోయింది. 'అవునా, కాదా' అన్న కొట్లాటను ఆఖరి నిమిషం దాకా సాగదీసినవాళ్లు 'ఎట్లా' అన్న చోట తమ మాటను తామే పోగొట్టుకున్నారు.

వీధుల్లోనూ అదే తీరు. నోటీసు వెనక్కి తీసుకోవాలన్న వినతిపత్రం మీద 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2019 మార్చి 23న లక్షలాది మంది లండన్‌లో ఊరేగింపు తీశారు. అదే నెలలో సండర్లాండ్ నుంచి లండన్ దాకా పోదామనే వాళ్లు పాదయాత్ర చేశారు. పార్లమెంటును అడగాలని తీర్పు చెప్పిన ముగ్గురు హైకోర్టు జడ్జీలను 2016 నవంబర్‌లో ఒక పెద్ద పత్రిక 'ప్రజల శత్రువులు' అని మొదటి పేజీలో బొమ్మలేసి మరీ తిట్టింది. దారి గురించి ప్రశ్న అడిగినవాడల్లా ద్రోహి అయ్యాడు. ద్రోహి అన్న మాట చవకైపోయిన చోట చర్చ చచ్చిపోతుంది.

మళ్లీ ఓటింగు పెట్టాలన్న డిమాండు మీద మా మాట కూడా చెప్పాలి. తీర్పును తిరగదోడితే జనం ఎంత మండిపోతారో తెలంగాణకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 2009 డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ చెప్పిన మాట డిసెంబర్ 23కల్లా మారిపోయింది. ఆ రెండు వారాల గాయం ఇప్పటికీ మానలేదు. అందుకే 'ఒకసారి చెప్పాం, మళ్లీ ఎందుకు అడుగుతారు' అన్న సండర్లాండ్ కార్మికుడి కోపం మాకు అర్థమవుతుంది. అయితే పోవాలా వద్దా అని మళ్లీ అడగడం వేరు, ఏ దారిన పోవాలని అడగడం వేరు. మొదటిది తీర్పును తిరగదోడడం. రెండోది తీర్పును పూర్తి చేయడం. బ్రిటన్‌లో ఈ రెండింటినీ కలగాపులగం చేశారు. మళ్లీ అడగాలన్న వాళ్లలో చాలామందికి దాన్ని రద్దు చేయించాలన్న కోరిక. వద్దన్న వాళ్లకు దారి తామే తేల్చాలన్న కోరిక. జనాన్ని దారి అడగాలన్న నిజాయితీ ఇరుపక్షాల్లోనూ కొద్దిమందికే ఉండింది.

2019 జూలైలో బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యారు. చర్చ పెరిగితే ఇబ్బందని పార్లమెంటునే ఐదు వారాలు మూసేయించారు. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. ఎదురు తిరిగిన 21 మంది సొంత పార్టీ ఎంపీలను పార్లమెంటరీ పక్షం నుంచి వెళ్లగొట్టారు. అయినా డిసెంబర్ 12 ఎన్నికల్లో 365 సీట్లు గెలిచారు. మూడేళ్లు విసిగిపోయిన జనం 'ఏదో ఒకటి తెంచెయ్యండి' అన్నారు. విసుగులో ఇచ్చిన తీర్పు నాయకుడికి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టిచ్చినట్టే. 2020 డిసెంబర్ 24న కుదిరిన వ్యాపార ఒప్పందం 1,200 పేజీలకు పైగా ఉంది. డిసెంబర్ 30న ఒక్కరోజులో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. నాలుగున్నరేళ్లు కొట్లాడిన విషయాన్ని ఒక్క పూటలో ముగించారు.

'ఎట్లా' అన్నది తేల్చకపోతే దెబ్బ ఎవరికి తగులుతుంది? గెట్టు మీద ఉన్నవాడికి. ఉత్తర ఐర్లండును చూడండి. అది బ్రిటన్‌లో భాగం. దాని పక్కన ఐర్లండు రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో దేశం. మధ్యలో 500 కిలోమీటర్ల సరిహద్దు. అక్కడ ముప్పై ఏళ్ల హింసలో దాదాపు 3,500 మంది చచ్చిపోయారు. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఆ సరిహద్దు మీద సైనికుల కాపలా గూళ్లు పోయాయి. ఊళ్లు కలిసిపోయాయి. ఇప్పుడు ఒక పక్క కూటమిలో, ఇంకో పక్క బయట అంటే సరుకు ఎక్కడో ఒకచోట ఆపి చూడాలి. భూమి మీద చెక్‌పోస్టు పెడితే శాంతి చెడుతుంది. సముద్రం మీద పెడితే సొంత దేశంలోనే గెట్టు వేసినట్టు. రెండూ వద్దంటే నిబంధనలన్నీ ఒక్కతీరుగా ఉంచుకోవాలి, అట్లా ఉంచుకుంటే పోయినట్టే కాదు. 2016 ప్రచారంలో లండన్ వేదికల మీద ఈ చిక్కు గురించి మాట్లాడింది చాలా తక్కువ. ఉత్తర ఐర్లండు జనం నూటికి 56 మంది ఉందామన్నారు. అయినా గెట్టు వాళ్ల నెత్తినే పడింది.

జాన్సన్ సముద్రం మీద చెక్‌పోస్టు ఒప్పుకుని వచ్చారు. 2021లో ఇంగ్లండు సాసేజీలు బెల్‌ఫాస్ట్ దుకాణానికి రావచ్చా లేదా అన్నది రెండు పక్షాల మధ్య పెద్ద పంచాయితీ అయింది. దానికి నిరసనగా డీయూపీ సహకరించకపోవడంతో 2022 ఫిబ్రవరి నుంచి 2024 ఫిబ్రవరి దాకా, రెండేళ్లు, ఉత్తర ఐర్లండులో ప్రభుత్వమే నడవలేదు. 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఒప్పందం రాసుకుని కొంత సర్దారు.

సముద్రం మీద బతికే బెస్తవాళ్లదీ అదే కథ. మా నీళ్లు మాకొస్తాయని వాళ్లు పోదామన్న ప్రచారానికి ముందు నిలబడ్డారు. 2020 ఒప్పందంలో యూరప్ పడవల వాటాలో నాలుగో వంతు మాత్రం, అదీ ఐదున్నరేళ్లలో విడతలుగా, వెనక్కి వచ్చింది. 2025 మేలో కుదిరిన కొత్త సర్దుబాటులో యూరప్ పడవలకు 2038 దాకా అనుమతి పొడిగించారు. వలసలు తగ్గుతాయని ఓటేసిన వాళ్లు, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటడం చూశారు. యూరప్ నుంచి రావడం తగ్గింది, ఇండియా, నైజీరియా లాంటి దేశాల నుంచి పెరిగింది. ఆ వచ్చినవాళ్లలో మన తెలుగు విద్యార్థులూ ఉన్నారు. వాళ్ల చదువు, వాళ్ల కష్టం ఏ తప్పూ కాదు. కానీ ఓటరుకు చెప్పిన మాట వేరు, జరిగింది వేరు. దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత నూటికి 4 పాళ్లు తగ్గుతుందని ఆ దేశపు బడ్జెట్ అంచనాల సంస్థ లెక్కగట్టింది.

ఓటు హక్కులోనూ ఒక వింత ఉంది. కామన్వెల్త్ పౌరులకు అక్కడ ఓటుంటుంది. కాబట్టి లండన్‌లో ఉద్యోగం చేస్తున్న కరీంనగర్ పిల్లవాడు ఓటరుగా నమోదై ఉంటే బ్రెగ్జిట్ మీద ఓటేయగలిగాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉండి, పిల్లల్ని అక్కడే పెంచిన ఫ్రెంచి టీచరుకు ఆ ఓటు లేదు. ముప్పై లక్షలకు పైగా యూరప్ జనం ఇక ఉండాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. తీర్పు ఎవరి బతుకు మీదనో వాళ్లనే అడగలేదు.

విడిపోవాలంటే ఇట్లాగే పోవాలా? కానక్కరలేదు. బ్రిటన్‌లోనే ఉన్న స్కాట్లాండ్ 2014 సెప్టెంబర్ 18న స్వతంత్రం మీద ఓటేసింది. అంతకు పది నెలల ముందే, 2013 నవంబర్‌లో, అక్కడి ప్రభుత్వం 600 పేజీలకు పైగా పుస్తకం వేసి జనం ముందు పెట్టింది. ఏ డబ్బు వాడతాం, పింఛన్లు ఎట్లా, సైన్యం ఎట్లా, చమురు ఆదాయం ఎట్లా అన్నీ రాసింది. అందులో పౌండు గురించి రాసిన మాట మీద పెద్ద దుమారమే లేచింది. లేవనీ. జనం చదివి, కొట్లాడి, నూటికి దాదాపు 85 మంది వచ్చి ఓటేశారు. 55 మంది వద్దన్నారు, 45 మంది కావాలన్నారు. విడిపోవాలన్నవాళ్లు ఓడారు గానీ, దేనికి అవునన్నారో దేనికి కాదన్నారో ప్రతి ఓటరుకూ తెలుసు. అదే స్కాట్లాండ్ 2016లో నూటికి 62 మంది యూరప్‌లో ఉందామంటే, మిగతా దేశంతో పాటు లాక్కుపోయారు.

చెకోస్లొవేకియాది ఇంకో పాఠం. 1992 డిసెంబర్ 31 అర్ధరాత్రి అది చెక్, స్లొవాక్ దేశాలుగా విడిపోయింది. ఉమ్మడి ఆస్తులను జనాభా లెక్కన రెండు పాళ్లు, ఒక పాలు అని ముందే చట్టం రాసుకున్నారు. ఒక్క చుక్క రక్తం కారలేదు. అయితే అక్కడ 'ఎట్లా' అన్నది చక్కగా తేల్చారు గానీ, 'విడిపోదామా' అని జనాన్ని ఓటింగు పెట్టి అడగలేదు. బ్రిటన్ మొదటి ప్రశ్న అడిగి రెండోది వదిలేసింది. వాళ్లు రెండోది తేల్చి మొదటిది అడగలేదు. రెండూ అడగడమే ప్రజాస్వామ్యం.

మన కథలో ఈ పాఠం ఎక్కడుంది? మొదటి నుంచీ ఉంది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం, హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని చెప్పింది. అంటే ఎట్లా కలవాలో దారి రాసిచ్చింది. ఆ దారిని పక్కన పడేసి 1956లో పెద్దమనుషుల ఒప్పందం అన్నారు, ఆ ఒప్పందాన్నీ పక్కన పడేశారు. కలిపేటప్పుడు 'ఎట్లా' అన్నదాన్ని తొక్కేసినందుకే విడిపోయే రోజు వచ్చింది.

విడిపోయేటప్పుడూ అదే కథ నడిచింది. ప్రొఫెసర్ జయశంకర్ లాంటివాళ్లు నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలు ఊరూరా చెప్పారు. జనం ఆ లెక్కలు గుండెల్లో పెట్టుకున్నారు. కానీ బిల్లు రాసే కలం ఢిల్లీ చేతిలో ఉండింది. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్‌లో ఆరు దారులు రాసిచ్చింది. 2013లో కేంద్ర మంత్రుల బృందం కూర్చుని బిల్లు రాసింది. 2014 ఫిబ్రవరిలో ఆ బిల్లులోని ఒక్కో క్లాజు మీద చర్చ జరగాల్సిన లోక్‌సభలో మిరియాల స్ప్రే కొట్టారు. విభజనే వద్దన్న సీమాంధ్ర నాయకులు దాని షరతుల మీద తమ ప్రజల తరఫున బేరమాడే అవకాశాన్ని తామే కాలదన్నుకున్నారు. ప్రత్యేక హోదా చట్టంలోకి ఎక్కలేదు, ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని నోటి మాటగా మిగిలింది. కస్టమ్స్ యూనియన్‌ను కూలగొట్టిన బ్రిటన్ ఎంపీల పని, వీళ్ల పని ఒక్కటే. అక్కడా ఇక్కడా నష్టపోయింది వాళ్లకు ఓటేసిన జనమే.

మన వైపు గెట్టు దెబ్బ భద్రాచలం మన్యానికి తగిలింది. పోలవరం ముంపు పేరుతో 2014 మేలో ఆర్డినెన్సు తెచ్చి ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు అటు కలిపారు. కోయలు, కొండరెడ్లు ఏ రాష్ట్రంలో ఉంటారో వాళ్లను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. భద్రాచలం పట్టణం ఇటు, దాన్ని ఆనుకున్న పల్లెలు అటు. రాములవారి గుడి ఇటు, పురుషోత్తపట్నంలో గుడి భూములు అటు. దిగువ సీలేరు కరెంటు కూడా అటే పోయింది. 2015 జూన్‌లో కరెంటు సంస్థల నుంచి 1,157 మంది ఉద్యోగులను స్థానికత పేరుతో రిలీవ్ చేస్తే, ఏ రాష్ట్రమూ మావాళ్లనక, ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. వాళ్లు ఆంధ్ర బిడ్డలే కావచ్చు. నెల తిరిగితే జీతం మీద బతికే మనుషులు కూడా. పంపకం సరిగ్గా రాయని వాళ్ల తప్పుకు పొయ్యి ఆరిపోయింది వాళ్ల ఇంట్లో.

తొమ్మిదో షెడ్యూలులో 91 సంస్థలు, పదో షెడ్యూలులో 142 సంస్థలు. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది. ఆ రోజుకు కూడా వాటి పంపకం పూర్తి కాలేదు. జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్ ప్రజాభవన్‌లో కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. కృష్ణా నీళ్లలో 811 టీఎంసీలకు 299, 512 అన్న లెక్క 2015లో తాత్కాలికమని రాసుకున్నది. ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇవ్వడానికి 2023 అక్టోబర్ దాకా పట్టింది. తాత్కాలికం అన్న మాట మన దగ్గర ఎంత పొడుగు సాగుతుందో చూడండి.

ఇదంతా చెప్పి తెలంగాణ రావడం తప్పని మేం అంటున్నామా? అనం, ఏనాడూ అనం. గెట్టు పంచాయితీ ఉందని వేరుపడ్డ కాపురాన్ని మళ్లీ కలపమనే పెద్దమనిషి ఊళ్లో ఎవరూ ఉండరు. గెట్టు తేల్చమంటారు. మేం అడిగేదీ అదే. ఇద్దరు ముఖ్యమంత్రులు మూసిన గదిలో ఏం మాట్లాడుకున్నారో, ఏ సంస్థ ఎవరికి పోతుందో, ఎంత బాకీ ఎవరు ఎవరికి కట్టాలో, ఏడు మండలాల పక్కన మిగిలిన పల్లెల సంగతేందో రెండు రాష్ట్రాల శాసనసభల్లో బల్ల మీద పెట్టాలి. జనం చదువుకునేటట్టు తెలుగులో అచ్చు వేయాలి. చాటుగా తెగిన పంచాయితీ మళ్లీ లేస్తుంది. నలుగురి ముందు తెగింది నిలబడుతుంది.

రేపు ఈ దేశంలో ఇంకో ప్రాంతం మా రాష్ట్రం మాకు కావాలంటుంది. విదర్భ అంటున్నది, గూర్ఖాలాండ్ అంటున్నది. న్యాయమైన డిమాండు ఎక్కడున్నా మేం వాళ్ల పక్కనే నిలబడతాం. నిలబడి ఒక్క మాట చెబుతాం. ఎందుకు విడిపోవాలో చెప్పినంత గట్టిగా ఎట్లా విడిపోవాలో కూడా మీరే రాయండి. నది వాటా, అప్పు వాటా, ఉద్యోగి సంగతి, సరిహద్దు ఊరి సంగతి ఉద్యమం నడిచే రోజుల్లోనే జనంతో చర్చించి కాగితం మీద పెట్టండి. గెట్టు మీద ఉన్న ఊరిని మొదట అడగండి, ఆఖరున కాదు. మీరు రాయకుంటే అది ఖాళీగా ఉండదు. మీ బతుకులతో పనిలేనివాడు, ఆఖరి రాత్రి కూర్చుని, తనకు నచ్చినట్టు రాస్తాడు.